ఎర్తు

నడుస్తున్నంతసేపూ చల్లగానే ఉంటుంది.
పాలకొల్లు గేటు పడితేనే దాని గుణం బయటపడేది.
గూడ్సు పెట్టెలు లెక్కపెడుతూ కూచుంటే
ముప్పయ్యో పెట్టెకి
మొహమ్మీద ఇటుకబట్టీ గాలి.
సూది ఎర్రగీత వైపు
దొంగలా ఒక్కో అడుగూ.

ఇరవయ్యారేళ్ళ జెన్ను.
భీమవరం పళ్ళడాక్టరు దగ్గర కొన్నాను,
డ్యాష్‌బోర్డులో ఇప్పటికీ లవంగనూనె వాసన.
గ్యాసు తగ్గిందన్నాడొకడు, పోశాడు, పన్నెండొందలు.
కంప్రెసరు పోయిందన్నాడు ఇంకొకడు.
వాడి మాట నమ్మలేదు, డబ్బుల్లేక.

రోహిణి కార్తెకి రోళ్ళు పగిలితే పగలనీ,
నా సీసాలు వేడెక్కకూడదు.
చెరువు నీళ్ళు పరీక్ష చేసేవాణ్ణి నేను.
దారిలో కాగిన నీళ్ళు
ల్యాబులో అన్నీ అబద్ధాలే చెబుతాయి.

మొగల్తూరు రోడ్డులో కాలవగట్టు మీద
నిద్రగన్నేరు కింద రేకుల షెడ్డు.
యేసుపాదానికి కుడికంట్లో పొర.
"ఏసీ వేసి బానెట్టెత్తండి" అన్నాడు.
చూడలేదు. చెవి పెట్టాడు.
"టక్‌మంది, విన్నారా? కంప్రెసరు పట్టుకుందండి.
మరి ఫ్యానేదండీ?"

సిగ్గేసింది.
రొయ్యల చెరువు కాపలాలో నాలుగేళ్ళు పడుకున్నవాణ్ణి.
ఎనిమిది ఏరేటర్లు నీళ్ళు చిలుకుతుంటే
ఆ చప్పుడే నాకు జోల.
రాత్రి రెండింటికి ఒక్క చక్రం ఆగినా
నిద్రలో కాళ్ళే ముందు లేచేవి,
మూడెకరాల రొయ్య ఊపిరాడక గట్టెక్కేస్తుందని.
ముక్కు ముందరి ఈ ఫ్యాను
ఎన్నాళ్ళ కింద ఆగిందో వినలేదు.

ఫ్యూజు పీకి ఎండకెత్తి నన్ను చూడమన్నాడు.
తీగ తెగలేదు.
హారను రిలే తెచ్చి ఫ్యాను గుంటలో పెట్టాడు,
ఫ్యాను రిలే హారను గుంటలో.
హారను మోగింది, గట్టు మీది బాతులు లేచాయి.
ఫ్యాను కదల్లేదు.
"రిలేదేం పాపం లేదండి."
జాలీలోంచి బ్రష్షుతో దులిపాడు:
ఊక, కొబ్బరిపీచు, తూనీగ రెక్కలు,
పళ్ళడాక్టరు కాలం నాటి బురద.
బ్యాటరీ నుంచి రెండు వైర్లు నేరుగా తాకించాడు.
గిర్రుమంది! దుమ్మంతా నా చొక్కా మీద.

"మోటారు బతికే ఉందండి.
కరెంటు వచ్చే దారీ ఉంది,
పోయే దారి లేదు."
హెడ్‌లైటు కింద మోచేతిదాకా చెయ్యి దూర్చి
కళ్ళు మూసుకుని తడిమాడు
పడ్డకి పొట్టలో దూడ ఎటు తిరిగిందో చూసే
పశువుల డాక్టర్లా.
నల్లవైరు చివర పట్టుకొచ్చాడు.
అంతా మైలుతుత్తం రంగు పొడి,
వేళ్ళ మధ్య రాలిపోయింది.
"ఉప్పుగాలండి. ఎర్తు తినేసింది."

అతను గరుకుకాగితం వెతుకుతుంటే
నేను రోడ్డవతలికి చూస్తూ నించున్నాను.
చెరువు, చెరువు, మళ్ళీ చెరువు.
మధ్యలో అరెకరం వరి, కొసలెండి, పసుపెక్కి,
మామిడిశెట్టి సుభద్రమ్మది.
పక్క మూడు చెరువులకీ నీళ్ళు కొలిచి
పనికొస్తాయని సంతకం పెట్టింది నేనే.
"మా బోదె నీళ్ళు కూడా ఓసారి చూడు నాయనా" అంది మొన్న.
చూశాను.
అంకె చెప్పలేదు.

యేసుపాదం తుప్పు గీకుతూనే ఉన్నాడు,
లోపలి ఇనుము అద్దంలా మెరిసేదాకా.
కొత్త బోల్టు, కొత్త వైరు, పైన చిటికెడు గ్రీజు.
"నూటయాభై ఇవ్వండి.
మళ్ళీ వానల ముందోసారి చూపించండి,
ఈ గాలి ఊరుకోదు."

తిరుగుదారిలో గేటు పడింది.
ఇంజను ఆపలేదు.
ఒక్క నిమిషం ఏమీ లేదు,
తర్వాత బానెట్టు కింద నిద్రలేచినట్టు ఒక హోరు,
సూది సగంలో నిలబడిపోయింది,
మెడ మీద చెమట చల్లబడింది.
రైలు ఎప్పుడెళ్ళిందో తెలీదు.
వెనక లారీవాడు తిడుతున్నాడు.
నేనింకా వింటున్నాను.

వెనకసీట్లో, పెట్టెలో, పదకొండో సీసా
సుభద్రమ్మది. ఇవాళ మళ్ళీ నింపుకొచ్చాను.
చల్లగా ఉంది.